గళ్ల బొమ్మ పజిల్: ఊహించకుండా నింపడం ఎలా?

ఫోన్‌లో నోనోగ్రామ్ అనో, పిక్రాస్ అనో కనిపించే ఆట ఇది. ఖాళీ గళ్ల చతురస్రం ఒకటి ఉంటుంది. ఎడమపక్కన, పైన అంకెలుంటాయి. ఆ అంకెల లెక్కన కొన్ని గళ్లు నలుపు చేసుకుంటూ పోతే చివరికి ఓ బొమ్మ తేలుతుంది. కోడిపుంజు కావచ్చు, కెటిల్ కావచ్చు. సుడోకు చేసే అలవాటున్నవాళ్లు కూడా దీన్ని మొదటిసారి చూసి పది నిమిషాల్లో విసుక్కుని వదిలేయడం నేను చాలాసార్లు చూశాను. వాళ్లకి తెలివి చాలక కాదు. కన్నంతా నల్ల గళ్ల మీదే పెడతారు, అక్కడ వస్తుంది చిక్కు. ఈ ఆటలో సగం పని 'ఇక్కడ నలుపు రాదు' అని తేల్చి ఇంటూ పెట్టడం. ఇంటూ పెట్టని చేతికి ఈ ఆట లొంగదు.

ఆట పుట్టింది జపాన్‌లో. 1987లో టోక్యోలో జరిగిన ఓ పోటీలో నోన్ ఇషిదా అనే గ్రాఫిక్స్ ఎడిటర్ ఎత్తైన భవనం కిటికీల్లో కొన్ని దీపాలు వెలిగించి, కొన్ని ఆర్పి, బొమ్మలు తేల్చే ఆలోచనతో గెలిచారు. ఇంచుమించు అదే రోజుల్లో తెత్సుయా నిషియో అనే పజిల్ రచయితకు విడిగా ఇదే ఆలోచన వచ్చింది. 1990లో బ్రిటన్‌లో జేమ్స్ డాల్గెటీ, ఇషిదా పేరులోని 'నోన్' పట్టుకుని దీనికి నోనోగ్రామ్ అని పేరు పెట్టారు. సండే టెలిగ్రాఫ్ పత్రిక వారం వారం అచ్చేసింది. 1995లో నింటెండో కంపెనీ, చేతిలో పట్టుకుని ఆడే తన గేమ్‌బాయ్ యంత్రం మీద మారియోస్ పిక్రాస్ అనే ఆట తెచ్చాక ఇది పిల్లల చేతికీ వచ్చింది. గళ్లు నింపి బొమ్మ తేల్చడం మాత్రం మనకేం కొత్త కాదు. పోచంపల్లిలో ఇక్కత్ చీరకు డిజైన్ వేసేవాళ్లు నూలుకి రంగు అద్దే ముందు గ్రాఫ్ కాగితం మీద చేసే పని ఇదే. వాళ్లు బొమ్మ నుంచి లెక్కలోకి వెళ్తారు, మనం లెక్క నుంచి బొమ్మలోకి వస్తాం.

ముందు అంకెలు చదవడం

అడ్డువరుస పక్కన 4 3 అని ఉందనుకోండి. ఆ వరుసలో ఎడమ నుంచి కుడికి ముందు వరసగా నాలుగు నల్ల గళ్లు, తర్వాత ఎక్కడో మూడు నల్ల గళ్లు ఉంటాయి. ఆ రెండు పట్టీల మధ్య కనీసం ఒక్క ఖాళీ గడి ఉండి తీరాలి. ఒకటి కంటే ఎక్కువ ఉన్నా ఫర్వాలేదు. పైన ఉన్న అంకెల్ని పైనుంచి కిందికి అలాగే చదవాలి. అంకెల క్రమం మారదు. నియమాలు ఇంతే.

పనిముట్లు: లెక్కల నోటుబుక్కు, పెన్సిలు, మంచి రబ్బరు. పెన్ను వద్దు. ఒకసారి విజయవాడ నుంచి విశాఖ వెళ్తూ రైల్లో అడ్డం 20, నిలువు 20 గళ్లుండే పజిల్‌ని బాల్‌పెన్నుతో మొదలుపెట్టాను. ఏడో వరుసలో ఒక గడి పక్కకి లెక్కపెట్టిన సంగతి తుని దాటాక గానీ తెలియలేదు. అప్పటికి ఆ ఒక్క తప్పు మీద ఇంకో ముప్పై గళ్లు కట్టేశాను. అప్పట్నుంచి రెండు పద్ధతులు పెట్టుకున్నా. ఒకటి, ప్రతి ఐదు గళ్లకీ ఓ మందం గీత. పది గళ్లు చూపుతో లెక్కపెడితే తప్పుతాం, ఐదు అయితే తప్పం. రెండు, కాగితం మీదికి పజిల్ ఎక్కించుకోగానే అడ్డువరుసల అంకెలన్నీ కలిపి ఒక మొత్తం, నిలువువరుసల అంకెలన్నీ కలిపి ఒక మొత్తం తీస్తాను. రెండూ నల్ల గళ్ల సంఖ్యే కాబట్టి సమానంగా రావాలి. రాలేదంటే ఎక్కించడంలోనే తప్పు జరిగింది, పజిల్ మొదలుపెట్టి లాభం లేదు.

మిగులు లెక్క: దీని మీదే ఆటంతా

కొత్తవాళ్లకి ఇక్కడ కాస్త ఎక్కువసేపు పడుతుంది, పట్టనివ్వండి. పది గళ్ల వరుసలో 4 3 ఉంది. వీటిని ఎంత ఇరుకుగా సర్దినా 4, ఒక ఖాళీ, 3 కలిపి 8 గళ్లు కావాలి. ఉన్నవి 10. మిగులు 2. అంటే ఏ పట్టీ అయినా మహా అయితే రెండు గళ్లు కుడికి జరగగలదు, అంతకు మించి జరగలేదు.

నాలుగు గళ్ల పట్టీని ఎడమ అంచుకి నొక్కితే 1 నుంచి 4 దాకా ఉంటుంది. కుడికి పూర్తిగా జరిపితే 3 నుంచి 6 దాకా. ఎలా జరిపినా 3, 4 గళ్లు నలుపే. అలాగే మూడు గళ్ల పట్టీ ఎడమకి నొక్కితే 6 నుంచి 8, కుడికి జరిపితే 8 నుంచి 10. ఎనిమిదో గడి ఖాయం. మిగతావి ఇప్పుడే తేలవు, వదిలేయండి.

ఇలా ప్రతిసారీ రెండు కొసలూ గీసి చూడనక్కర్లేదు. పట్టీ పొడవులోంచి మిగులు తీసేస్తే ఖాయమైన గళ్లెన్నో వస్తుంది. 4 లోంచి 2 తీస్తే రెండు, 3 లోంచి 2 తీస్తే ఒకటి. పదిహేను గళ్ల వరుసలో 5 4 3 అయితే ఇరుకు సర్దుబాటుకి 14 గళ్లు కావాలి, మిగులు 1. కాబట్టి ఒక్క దెబ్బకి 4, 3, 2 మొత్తం తొమ్మిది గళ్లు నింపేయొచ్చు. అదే పది గళ్లలో 2 3 అయితే మిగులు 4, ఏ పట్టీ కంటే అయినా ఎక్కువే. ఆ వరుసలో ఇప్పటికి ఏమీ తేలదు, దాన్నే చూస్తూ కూర్చోకండి. అందుకే నేను పజిల్ మొదలుపెట్టగానే ప్రతి వరుస చివరా చిన్నగా మిగులు రాసుకుంటాను. సున్నా వచ్చినవి ముందు, ఒకటి వచ్చినవి తర్వాత, అలా వెళ్తాను.

ఇక్కడ అందరూ జారే చోటొకటి ఉంది. పైన పది గళ్లలో 4 3 ఉదాహరణలోనే ఆరో గడి చూడండి. ఎడమకి నొక్కినప్పుడు అది నలుపే, కుడికి జరిపినప్పుడూ నలుపే. 'అయితే ఆరోది కూడా ఖాయం' అని నింపేస్తారు. కాదు. ఎడమకి నొక్కినప్పుడు అది మూడు గళ్ల పట్టీకి మొదటి గడి, కుడికి జరిపినప్పుడు నాలుగు గళ్ల పట్టీకి చివరి గడి. నాలుగు 1 నుంచి 4 లో ఉండి, మూడు 7 నుంచి 9 లో ఉంటే ఆరోది ఖాళీ. రెండు కొసల్లోనూ ఒకే పట్టీ ఆ గడిని కప్పితేనే లెక్క.

ఇంటూ ఎందుకు పెట్టాలో ఇప్పుడు చూడండి. పది గళ్ల వరుసలో ఒక్కటే అంకె, 4. మిగులు 6, ఏమీ తేలదు. కాసేపయ్యాక నిలువువరుసల పుణ్యమా అని మొదటి మూడు గళ్లలో, చివరి గడిలో ఇంటూ పడింది. ఇప్పుడు వరుస పది గళ్లది కాదు, ఆరు గళ్లది. మిగులు 2 కి దిగింది. 6, 7 గళ్లు నలుపు. ఒక్క నల్ల గడి కూడా లేకుండా, ఉత్త ఇంటూలతోనే ఇది తేలింది. అందుకే వరుసలోని పట్టీలన్నీ పూర్తవగానే మిగిలిన గళ్లలో ఇంటూ పెట్టడం మానకండి. 'ఎలాగూ ఖాళీయే కదా' అని బద్ధకిస్తే అడ్డంగా పోయేదేం ఉండదు, నిలువున దారి మూసుకుపోతుంది.

చిన్న చిన్న ఎత్తులు

మిగులు లెక్క తర్వాత పనికొచ్చేవి మూడే మూడు.

అంచు దగ్గర నల్ల గడి కనబడితే పండగే. మొదటి అంకె 4 అయి, రెండో గడి నలుపని తేలిందనుకోండి. పట్టీ 1 లో మొదలవ్వాలి, లేదా 2 లో. ఏదైనా 3, 4 గళ్లు నలుపే. మొదటి గడే నలుపైతే ఇంకా మంచిది: నాలుగూ నింపి, ఐదో గడిలో ఇంటూ.

రెండు ఇంటూల మధ్య ఇరుక్కున్న సందు చిన్నదైతే అందులో పట్టీ పట్టదు. వరుసలో అన్నిటికంటే చిన్న అంకె 3 అయి, ఇంటూల మధ్య రెండే గళ్లుంటే ఆ రెండూ ఇంటూలే.

మూడోది, కలిస్తే పొడవెక్కువయ్యే చోటు. పది గళ్లలో 2 2. మూడో గడి, ఐదో గడి నలుపు. నాలుగోది నింపితే మూడు గళ్ల పట్టీ అయిపోతుంది, అలాంటిది వరుసలో లేదు. కాబట్టి నాలుగోది ఇంటూ. దాంతో మొదటి పట్టీ 2, 3 గళ్లు, రెండోది 5, 6 గళ్లు. వరుసంతా పూర్తి.

ఒక పజిల్ కలిసి చేద్దాం

మా తమ్ముడి కూతురి కోసం గీసిన పజిల్ ఇది, అడ్డం ఏడు, నిలువు ఏడు గళ్లు. బొమ్మేంటో ఇప్పుడు చెప్పను. కిందికి చదవకుండా ముందు నోటుబుక్కులో గీసుకోండి.

అడ్డువరుసలు, పైనుంచి: 1 / 5 / 7 / 1 1 1 / 1 / 1 1 / 3
నిలువువరుసలు, ఎడమ నుంచి: 2 / 2 2 / 2 1 / 7 / 2 / 2 / 2

మొత్తాలు చూడండి: అటు 22, ఇటు 22. సరిపోయింది.

మొదటి అడుగు. మిగులు సున్నా ఉన్నవి రెండు: మూడో అడ్డువరుస, నాలుగో నిలువువరుస. రెండూ నిండా నలుపు. నాలుగో నిలువువరుస నిండగానే మొదటి, ఐదో అడ్డువరుసల్లో ఉన్న ఒకే ఒక్క 1 దొరికిపోయింది. వాటిలో మిగతావన్నీ ఇంటూలు. రెండో అడ్డువరుసలో 5 కి మిగులు 2, కాబట్టి నడిమి మూడు గళ్లు నలుపు. నాలుగు, ఆరు అడ్డువరుసల్లో అన్నీ 1 లే, కాబట్టి నడిమి నల్ల గడికి అటూ ఇటూ ఇంటూ. ఏడో వరుసలో 3 నడిమి గడిని కలుపుకోవాలి, రెండు చివరలకూ అందదు, అక్కడా ఇంటూలు. ఇప్పుడిలా ఉంటుంది, చుక్కలంటే ఇంకా తేలనివి:

× × × ■ × × ×
· · ■ ■ ■ · ·
■ ■ ■ ■ ■ ■ ■
· · × ■ × · ·
× × × ■ × × ×
· · × ■ × · ·
× · · ■ · · ×

రెండో అడుగు. మూడో నిలువువరుస చూడండి, 2 1. పైన 2 పూర్తయింది. కింద 1 రావాలి. నాలుగు, ఐదు, ఆరు గళ్లలో ఇంటూలున్నాయి, మిగిలింది ఏడోదే. నింపండి. ఐదో నిలువువరుసలో 2 అయిపోయింది, కాబట్టి దాని అట్టడుగు గడి ఇంటూ. దాంతో ఏడో అడ్డువరుసలో 3 కి కుడివైపు దారి మూసుకుపోయింది. రెండు, మూడు, నాలుగు గళ్లే గతి. అంటే రెండో నిలువువరుసలో అట్టడుగు గడి నలుపు. అక్కడున్న అంకెలు 2 2, చివరి పట్టీకి రెండు గళ్లు కావాలి, కాబట్టి ఆరో గడీ నలుపు. ఆరో అడ్డువరుసలో రెండు 1 లూ దొరికాయి, మిగతావి ఇంటూలు.

ఒక గడి తేలితే పక్క వరుస కదలడం, అది ఇంకోదాన్ని కదిలించడం గమనించారా? అందుకే ఏదైనా గడి నింపగానే, దానికి అడ్డంగా వెళ్లే వరుసని వెంటనే చూడాలి. పైనుంచి కిందికి వరసగా పోతే కాలం వృథా.

మూడో అడుగు. ఇక మిగిలింది రెండో, నాలుగో అడ్డువరుసల్లో అటు రెండు, ఇటు రెండు గళ్లు. ఇక్కడ ఏ వరుసనీ ఒంటరిగా చూస్తే ఏమీ తేలదు. చాలామంది ఇక్కడే 'పోనీ, రెండుపక్కలా సమానంగా ఉంటే బాగుంటుంది' అని నింపేస్తారు. ఈసారి అదే నిజం కూడా. కానీ అలా వద్దు, కారణం ఉంది, పట్టుకుందాం.

నాలుగో అడ్డువరుసలో మూడు 1 లు. ఒకటి నడిమిది. ఎడమవైపు మిగిలిన రెండు గళ్లు పక్కపక్కనే ఉన్నాయి, రెండూ నలుపైతే అది 2 అయిపోతుంది. కాబట్టి ఎడమ ఒకటే, కుడి ఒకటే. ఇప్పుడు రెండో వరుసలోని 5 ని ఎడమ అంచుకి జరిపామనుకోండి. మొదటి, రెండో నిలువువరుసల్లో పైనున్న 2 అక్కడితో పూర్తయిపోతుంది. దాంతో నాలుగో అడ్డువరుసలో ఎడమవైపు రెండు గళ్లూ ఇంటూలవుతాయి. కానీ అక్కడ ఒకటి నలుపు కావాలి కదా! కుదరదు. కుడి అంచుకి జరిపితే కుడివైపు ఇదే గొడవ. కాబట్టి 5 నడిమధ్యలోనే, రెండు నుంచి ఆరు దాకా. దాంతో మిగతాదంతా దానంతటదే పడుతుంది:

× × × ■ × × ×
× ■ ■ ■ ■ ■ ×
■ ■ ■ ■ ■ ■ ■
■ × × ■ × × ■
× × × ■ × × ×
× ■ × ■ × × ×
× ■ ■ ■ × × ×

గొడుగు. పిడి ఎడమవైపు వంకర తిరిగింది చూశారా? 'రెండుపక్కలా సమానం' అనుకుని నింపినవాళ్లు కింది వరుసలో బోర్లా పడి ఉండేవాళ్లు. బొమ్మ సగం తేలాక మనసు ముందే పరిగెడుతుంది. పిల్లి అని అర్థమైపోయింది కాబట్టి రెండో చెవి కూడా పెట్టేస్తాం. గీసినవాడు ఆ పిల్లికి ఒక చెవి మడిచి ఉంటాడు.

ఎక్కడా కదలనప్పుడు

ముందు కంగారు పడకండి. నాకు పదిసార్లు ఆగిపోతే అందులో ఏడెనిమిది సార్లు ఎక్కడో ఇంటూ పెట్టడం మర్చిపోయి ఉంటాను. పూర్తయిన వరుసలన్నీ ఒకసారి తిరగేయండి. తర్వాత ఇంకా తేలని వరుసల్లో, ఇంటూలు తీసేసి మిగిలిన పొడవుతో మిగులు మళ్లీ లెక్కేయండి. మొదట్లో రాసుకున్న మిగులు ఇప్పుడు చెల్లదు, ఇది గుర్తుంచుకోండి.

అప్పటికీ కదలకపోతే, పైన గొడుగుకి చేసినట్టు 'ఇక్కడ నలుపైతే ఏమౌతుంది' అని ఆలోచించండి. అంచుల దగ్గరే మొదలుపెట్టండి, అక్కడ తప్పు తొందరగా బయటపడుతుంది. రెండు మూడు అడుగుల్లో పొసగనిది ఎదురైతే ఆ గడి ఇంటూ అని తేలినట్టే. పొసగనిదేమీ రాకపోతే మాత్రం అది నలుపని రుజువైనట్టు కాదు, ఆ ఊహని తుడిచేసి ఇంకో గడి చూడండి. మనసులో పట్టనంత దూరం వెళ్లాల్సివస్తే అది ఊహే, లెక్క కాదు. నోనోగ్రామ్‌ని ఏ పరిమాణానికైనా విప్పడం కంప్యూటర్ శాస్త్రంలో ఎన్‌పీ-కంప్లీట్ అనే కష్టాల కోవలోదని 1996లో ఉయెదా, నగావో అనే ఇద్దరు జపాన్ పరిశోధకులు నిరూపించారు. అది విని బెదరకండి. మనుషులు ఆడటానికి అచ్చేసే పజిళ్లలో చాలావరకు వరుసకి వరుస చూసుకుంటూ పోతే విడిపోయేలాగే ఉంటాయి.

రెండు వరుసలు ఒకదానితో ఒకటి పేచీ పడితే, అంటే ఇది నలుపంటుంటే అది ఇంటూ అంటుంటే, తప్పు అక్కడ ఉండదు. ఎక్కడో వెనక ఉంటుంది. అక్కడ తుడిచి సర్దితే ఇంకాస్త ముదురుతుంది. చిన్న పజిల్ అయితే మొత్తం తుడిచేయండి, పెద్దదైతే చివరి ఇరవై ముప్పై గళ్లు వెనక్కి వెళ్లండి. ఫోన్ యాప్‌లలో తప్పు నింపగానే ఎర్రగా చూపించే సౌకర్యం ఉంటుంది. నా మాట విని అది ఆపేయండి. అది ఉన్నంతకాలం వేలు ఆలోచిస్తుంది, బుర్ర ఆలోచించదు.

సొంతంగా గీయాలనిపిస్తే

కొన్నాళ్లు ఆడాక ఇది తప్పకుండా అనిపిస్తుంది. గళ్లలో బొమ్మ నింపి, ప్రతి వరుసలో పట్టీలు లెక్కపెట్టి పక్కన రాస్తే పజిల్ తయారు. చిక్కల్లా ఒకే జవాబు రావడం దగ్గర. అడ్డం రెండు, నిలువు రెండు గళ్ల చతురస్రం తీసుకోండి. అన్ని అంకెలూ 1. మూల నుంచి మూలకి ఇటు నింపినా సరిపోతుంది, అటు నింపినా సరిపోతుంది. రెండు జవాబులు. చదరంగం బల్లలాంటి నమూనాల్లో చాలావాటికి ఈ జబ్బే. మొదట్లో నేను సంక్రాంతికి మా వాకిట్లో వేసే ముగ్గుల్ని ఇలా గళ్లలోకి దించబోయి దెబ్బతిన్నాను. సన్న గీతలు, ఏటవాలు మలుపులు, ఒంటరి చుక్కలు ఎక్కువైతే అన్నీ 1 లే వస్తాయి, మిగులు ఎక్కువైపోతుంది, విప్పేవాళ్లకి పట్టు దొరకదు. గీతని రెండు గళ్ల మందం చేయండి, లోపల ఖాళీలు కొన్ని నలుపు చేయండి. పెద్ద అంకెలు రెండు మూడైనా ఉండేలా చూడండి.

గీశాక రెండు రోజులు పక్కన పడేసి, బొమ్మ కనబడకుండా అంకెలు మాత్రమే వేరే కాగితం మీద రాసుకుని మీరే విప్పి చూడండి. గొడుగుకి నేను అలాగే చేశాను. మొదటి రూపంలో అంచుకి రెండు చినుకులు కూడా పెట్టాను. విప్పుతుంటే ఆ చినుకుల దగ్గరే రెండు జవాబులు వచ్చాయి, తీసేశాను. 'మరి వాన ఏది?' అని అడిగింది మా పిల్ల.